అత్త చిటికెన వేలు

పోయిన ఆదివారం అటక మీది సామాన్లు దింపి దులుపుతుంటే ఒక గోధుమరంగు ఫైలు జారి నా నెత్తి మీద పడింది. చెన్నై షోళింగనల్లూరులో ఈ ఫ్లాటుకి వచ్చి పదేళ్ళు దాటినా, పాత ఇంటి నుంచి తెచ్చిన మూటల్లో కొన్నిటిని విప్పే ధైర్యం నాకింకా రాలేదు. విప్పితే పారెయ్యాలి, పారెయ్యాలంటే చదవాలి, చదువుతూ కూర్చుంటే ఆ పూటకి వంట కాదు. నెత్తి తడుముకుంటూ నేను నిచ్చెన దిగేలోపే మా అమ్మాయి ఫైలు విప్పేసింది. అది ఎదురు రోడ్డులోని కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా కీబోర్డు మీదే దాని వేళ్ళుంటాయి. మొదటి కాగితం చూడగానే, "ఎవరమ్మా ఇంత ఘోరంగా టైపు చేసింది? ఇంగ్లీషు 'ఏ' అన్న అక్షరం ఒక్క చోట కూడా పడలేదు, లైను పొడుగునా సందులే" అంది. నాకు చర్రున కోపం వచ్చింది. "అది కొట్టినావిడ మద్రాసు ఉత్తరాన అందరికంటే గొప్ప టైపిస్టు, తెలుసా!" అన్నాను. మా అమ్మాయి కాగితం వంక ఒకసారి, నా నెత్తి వంక ఒకసారి చూసి, దెబ్బ గట్టిగానే తగిలిందని తేల్చుకున్నట్టుంది, వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది.

ఆ గొప్ప టైపిస్టు మా మేనత్త, నాయనకి చెల్లెలు. అప్పటికి ఊరి పేరింకా మద్రాసే. వ్యాసర్పాడిలో ఒక సైకిలు షాపు మేడ మీద అత్త టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. మావాళ్ళు ఎన్ని తరాల కింద నెల్లూరు వైపు నుంచి వచ్చారో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. సగం అరవం కలిసిన మా తెలుగు విని ఆంధ్రా నుంచి వచ్చిన చుట్టాలు నవ్వేవాళ్ళు. వాళ్ళ తెలుగు విని మేము నవ్వేవాళ్ళం కాదు, వాళ్ళు వెళ్ళేదాకా. అత్త పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగిన వాళ్ళకి మాత్రం ఫలానా రోజు నుంచి కొత్త బ్యాచీ మొదలవుతుందని చెప్పేది. ఆ మేడ గదిలో పన్నెండు మిషన్లు, ఒక్కోదానికి పసుపు రంగుతో వేసిన నంబరు. రైల్వే యార్డులో మూటలు మోసేవాళ్ళ పిల్లలు, పట్టాల పక్క గుడిసెల్లోని ఆడపిల్లలు పొద్దున్నే ఆరున్నరకల్లా మెట్లెక్కి వచ్చేవాళ్ళు. రిబ్బను సిరా, మిషన్లకి వేసే నూనె, కింద షాపులో ట్యూబు అతికించే రబ్బరు జిగురు, అన్నీ కలిసిన ఆ గది వాసన ఇప్పటికీ నాకు ఎక్కడైనా తగిలితే వీపు దానంతటదే నిటారు అవుతుంది.

ఎందుకంటే వంగి కీల వంక చూస్తే అత్త ఊరుకునేది కాదు. బిస్కట్ల అట్టపెట్టెలు తెచ్చి, చేతులు దూరేంత సందు కోసి, కొత్తగా చేరిన వాళ్ళ చేతులూ కీలూ కనపడకుండా బోర్లించేది. "కళ్ళు బుక్కు మీద ఉండాల. ఆడ ఏ అక్షరం ఉండాదో వేలికి తెలిస్తే సాలు" అనేది. అందరూ ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్ అని వారాల తరబడి అదే కొట్టుకుంటూ పోవాలి. కాగితం తెచ్చి ఇస్తే ఆమె ముందు వైపు చూసేదే కాదు. తిరగేసి, కళ్ళు మూసుకుని, వెనకవైపు లేచిన అక్షరాల బుడిపెల మీద చూపుడువేలు మెల్లగా జరిపేది. "మూడో లైన్లో నీ బుద్ధి ఏడకో పోయింది" అనేది. నిజంగానే పోయి ఉండేది. ఎడమ చిటికెన వేలితో కొట్టాల్సిన 'ఏ' అందరికీ లేతగానే పడుతుంది, ఆ వేలికి బలం తక్కువ. తక్కిన అక్షరాలతో సమానంగా ఆ 'ఏ' బుడిపె వేలికి తగిలితేనే అత్త సరేననేది. నేను ఆమె సొంత మేనకోడలిని, టైపు లోయరు పరీక్ష ప్యాసయినదాన్ని, అయినా దొంగచూపులు చూడకుండా ఒక్క పేజీ కొట్టలేకపోయేదాన్ని. అందుకు నాకు పడిన మొట్టికాయలు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంకెవరికీ పడలేదు.

నేను బీకాం రెండో ఏడు చదువుతున్న వేసవిలో అత్తకి అమ్మవారు పోసింది. ఆ వయసులో ఆటలమ్మ రావడమేమిటని వీధంతా ఆశ్చర్యపోయింది, ఇంట్లో మాత్రం అంతా పద్ధతిగా జరిగింది. గుమ్మానికి వేపమండలు కట్టారు, పోపు వేయడం మానేశారు, అత్తని చాప మీద వేపాకులు పరిచి పడుకోబెట్టారు. వీటన్నిటికంటే పెద్ద నియమం ఇంకొకటి ఉండేది. ఇంట్లో అమ్మవారు ఉన్నన్నాళ్ళు నొప్పి అనకూడదు, మంట అనకూడదు. అంటే అమ్మకి కోపం వస్తుంది. ఎవరు ఎలా ఉందని అడిగినా "చల్లగా ఉంది" అనే చెప్పాలి. మా అవ్వ, అంటే నాయనకీ అత్తకీ తల్లి, తలుపు దగ్గర కాపలా కూర్చుని గంటకొకసారి "ఎట్టుండాది పాపా?" అని అడిగేది, అత్త "చల్లగా ఉండాది మా" అనేది. మూడు సార్లు వేపాకు నీళ్ళు పోశారు, పొక్కులు మాడిపోయాయి. అయినా గుడికి పోయి పొంగలి పెట్టి మొక్కు తీర్చేదాకా అమ్మ ఇంట్లో ఉన్నట్టే లెక్క. ఆ మధ్యలో ఒక మధ్యాహ్నం నేను మజ్జిగ తీసుకెళితే, అత్త నా చెయ్యి పట్టుకుని, "అరికాళ్ళల్లో చీమలు పాకినట్టు ఉండాదే. వేళ్ళు కూడా మొద్దుగా ఉండాయి. అవ్వతో చెప్పబాక" అంది. నేను చెప్పలేదు. అమ్మవారికి భయపడి కాదు, అవ్వకి భయపడి.

మొక్కు తీర్చే రోజు మే నెల కత్తిరి ఎండ. మిట్టమధ్యాహ్నం, కాలికి చెప్పుల్లేకుండా, తల మీద పొంగలి కుండతో అత్త ముందు నడుస్తుంటే, వెనక అవ్వ, నేను, వీధిలో ఆడవాళ్ళు పదిమంది. తారు కరిగి కాళ్ళకి అంటుకుంటోంది. మేమందరం నీడ కనపడిన చోటికల్లా గెంతుతూ పోతున్నాం. అత్త మాత్రం తొణకలేదు. నడిరోడ్డు మీద, ఆగి ఆగి, కొంచెం అటూ ఇటూ ఊగుతూ నడిచింది. ఒకామె "కాళ్ళు కాలడం లేదా టీచర్?" అని అరిచింది. అత్త వెనక్కి తిరగకుండా "లేదే, చల్లగానే ఉండాది" అంది. ఈసారి ఆ మాట నియమం కోసం కాదు, ఆమెకి నిజంగానే ఏమీ తెలియడం లేదు. కానీ అది ఎవరికి తట్టింది? ఊగడం చూసి ఒకామె అమ్మవారు మీదికొచ్చిందంది. ఇంకొకామె కర్పూరం వెలిగించింది. గుడి చేరేలోపు అత్త కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోసి, అందరూ వరసగా వంగి దణ్ణాలు పెట్టారు, నేను కూడా పెట్టాను, ఆ ఏడు స్టాటిస్టిక్స్ పేపరు గట్టెక్కించమని. అవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకుని తన కూతురిని అమ్మ ఎంత చల్లగా చూసిందో అందరికీ చెప్పుకుంది. సాయంత్రం చూస్తే అత్త రెండు అరికాళ్ళూ బొబ్బలు. మర్నాడు పొద్దున చాప మీద నుంచి లేవబోయి లేవలేకపోయింది.

పెద్దాసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ రబ్బరు సుత్తితో అత్త మోకాళ్ళ మీద కొట్టింది. కాళ్ళు కదల్లేదు. ఎన్నాళ్ళుగా తిమ్మిరి ఉంది, ఎందుకు చెప్పలేదు అని అడిగితే నాయన, అవ్వ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆవిడ కోప్పడకుండా తమిళంలో నిదానంగా వివరించింది. ఆటలమ్మ పురుగు ఒంట్లోంచి పోయింది, కానీ దాన్ని తరమడానికి లేచిన ఒంటి బలగం ఎక్కడ ఆగాలో తెలియక సొంత నరాల మీదే పడింది, నరాల పై తొడుగుని కొరికేస్తోంది, ఇది చాలా అరుదుగా వస్తుంది, ముందు కాళ్ళు, తర్వాత చేతులు, ఒక్కోసారి ఊపిరి దాకా కూడా పోతుంది అంది. అత్త అంతా విని, "అంటే కీ నొక్కితే అక్షరం కడ్డీ లేవడం లేదు, అంతే కదా?" అంది. డాక్టరమ్మకి అర్థం కాలేదు, నాకయింది. "మళ్ళీ నయమవుతుందా?" అని నాయన అడిగితే, "చాలామందికి అవుతుంది. నెలలు పడుతుంది. కొందరికి కొంత మిగిలిపోతుంది" అంది ఆవిడ. అవ్వ ఆ మాట విన్న దగ్గర్నుంచి అత్త కాళ్ళు వదల్లేదు. "అమ్మ కాదురా, నేను. నొప్పి అనకూడదని దాని నోరు నొక్కింది నేను" అని నాయనతో అంటూ ఉండేది. ఆ తర్వాత మా వీధిలో ఎవరికి అమ్మవారు పోసినా అవ్వ వెళ్ళి గుమ్మంలో నిలబడి, "నొప్పిగా ఉంటే చెప్పు తల్లీ, అమ్మేమీ అనుకోదు" అని చెప్పి వచ్చేది. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఒక మనిషి తన నియమాన్ని తానే మార్చుకోవడం చిన్న సంగతేమీ కాదు.

ఊపిరి బలం చూడటానికి అక్కడ ఒక పద్ధతి ఉండేది. రోజూ పొద్దున నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా ఎన్ని అంకెలు పైకి చెప్పగలరో చూసేవాళ్ళు. అత్త అంకెలు చెప్పనంది. కీబోర్డు చెబుతానంది. క్యూ డబ్ల్యూ ఈ ఆర్ అని పై వరసలో మొదలుపెట్టి ఒక్క ఊపిరిలో మూడు వరసలూ చదివి చివరి అక్షరం 'ఎం' దగ్గర ఆగింది. డాక్టరమ్మ నవ్వి సరేనంది. మూడో రోజుకి కింది వరసకి రాలేకపోయింది. ఐదో రోజున నడిమి వరసలో 'జి' దగ్గర ఊపిరి అయిపోయింది. అంతకంటే తగ్గితే ఊపిరి మిషను పెట్టాల్సి వస్తుందని చెప్పారు. రక్తంలోని చెడు నీటిని తీసి వేరే నీరు ఎక్కించే వైద్యం రోజు విడిచి రోజు చేశారు. వరసగా నాలుగు రోజులు అత్త 'జి' దగ్గరే ఆగింది, నేను మంచం పక్కన నా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పదో రోజు 'జి' దాటి 'హెచ్', 'జె', 'కె' అంది. నేను అంత పెద్ద వార్డులో చప్పట్లు కొట్టాను. నర్సు కసిరింది. ఆ కసురుడు నాకు అప్పుడు ఎంత బాగుందో చెప్పలేను.

వర్షాలు మొదలయ్యాక అత్తని కుర్చీలో కూర్చోబెట్టి ఇంటికి తెచ్చాం. కాళ్ళు కర్ర పట్టుకుని నిలబడే వరకు వచ్చాయి. చేతులు మాత్రం బద్ధకించాయి. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతి ఆమె ఒళ్ళోనే ఉండేది, పిసికేది తక్కువ, దాన్ని తిట్టేది ఎక్కువ. చివరికి "ఏడో నంబరు మిషను తీసుకురా" అంది. ఆ నెలల్లో ఇన్‌స్టిట్యూట్ నడిపింది నేనే, కాలేజీకి ముందూ వెనకా. కీలు చూసి కొట్టే టీచరు దొరికారని పిల్లలు లోలోపల పండగ చేసుకున్నారు. నాయనకి ఆ తతంగం నచ్చలేదు. ఒక కంప్యూటర్ క్లాసు ఆయన ఆ గది అడుగుతున్నాడనీ, మిషన్ల రోజులు అయిపోతున్నాయనీ, చెల్లెలు ఇక విశ్రాంతి తీసుకోవాలనీ అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. "జనవరి బ్యాచీ దాకా ఆగన్నా. అప్పటికి నేను మెట్లెక్కకపోతే ఇచ్చెయ్" అంది అత్త. ఆ మాట అన్నాక మాత్రం ఎవరినీ తన గదిలోకి రానివ్వలేదు. ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. మా అత్త, నా నెత్తిన అన్ని మొట్టికాయలు వేసిన మా అత్త, మెడ వంచి, కీల వంక చూస్తూ, ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతోంది. నన్ను చూసి గబగబా మిషను మీద తువ్వాలు కప్పేసింది. "వేళ్ళకి ఏమీ తెలవడం లేదే. మిషనో, మునక్కాయో తెలవలా" అంది. తువ్వాలు సర్దుతూ, "చూసి కొట్టేదానికి ఆ కుర్చీలో ఎట్ట కూచునేది?" అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. నేను బంతి తీసి ఆమె ఒళ్ళో పెట్టాను, ఆమె దాన్ని నా మీదికి విసరబోయింది, అది రెండడుగుల దూరంలో పడింది. ఇద్దరం నవ్వాం.

జనవరి మొదటి సోమవారం పొద్దున ఆరున్నరకి నేను కొత్త బ్యాచీ పిల్లలకి కాగితం ఎక్కించడం నేర్పుతుంటే మెట్ల మీద కర్ర చప్పుడు వినపడింది. పద్దెనిమిది మెట్లు. పిల్లల్ని కదలనివ్వకుండా నేను కూడా కదలకుండా నిలబడ్డాను, సాయం చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు కనక. అత్త లోపలికి వచ్చి, రొప్పు తగ్గించుకుని, తన కుర్చీ వంక అయినా చూడకుండా, కొత్తవాళ్ళ వరసలో ఖాళీగా ఉన్న పదో నంబరు ముందు కూర్చుంది. "అట్టపెట్టె తీసుకురా" అంది. నేను తెచ్చి ఆమె చేతుల మీద బోర్లించాను. పక్క మిషను దగ్గరున్న, యార్డు కూలీ కూతురు ఒకామె, మొదటిరోజు భయం మర్చిపోయి, "టీచర్, మీరు కూడా మొదటి పాఠమేనా?" అని అడిగింది. "ఆమా. నీకంటే వెనకుండా. నువ్వు 'ఏ' కొట్టగలవు, నాకు అది పడదు" అంది అత్త. గదిలో ఒక్క మిషను మోగలేదు. "ఎందుకు నిలిపేస్తిరి? కొట్టండి!" అని కసిరేసరికి మిషన్లన్నీ ఒక్కసారి లేచాయి. వేలికి తెలియకపోయినా మోచేతి దూరాన్ని బట్టి, కీ చప్పుడుని బట్టి ఆమె అక్షరం పోల్చుకుంటోంది. తప్పు పడితే చెవి ఒగ్గి ఆగేది, మళ్ళీ కొట్టేది. సరిగ్గా ఆ సమయానికే నాయన, గది చూపించడానికి కంప్యూటర్ క్లాసు ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, అట్టపెట్టె కింద చేతులు పెట్టుకుని పిల్లల మధ్య కూర్చున్న చెల్లెలిని చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, "మన్నించండి సార్, గది ఖాళీ లేదు" అన్నాడు. ఆ ఇంట్లో పుట్టినందుకు ఆ పొద్దున నేను గర్వపడినంతగా తర్వాత ఎన్నడూ పడలేదు, నా సొంత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా.

అత్త ఆ పిల్లలతో పాటే పాఠాలన్నీ దాటింది, ఒక్కోసారి వాళ్ళ వెనక. అన్నీ పడేవి, 'ఏ' మాత్రం సందుగానో, పిల్లి గీతలాగానో మిగిలేది. ప్రతి వారం ఒక కాగితం ఫైల్లో పెట్టేది. మళ్ళీ ఎండలు ముదిరే రోజుల్లో ఒక పొద్దున కాగితం లాగి, అలవాటుగా తిరగేసి, కళ్ళు మూసుకుని వెనకవైపు చూపుడువేలు జరిపింది. మధ్యలో ఆగిపోయింది. ఆ వేలికి ఇక తెలియదని ఆమెకి గుర్తొచ్చింది. కాగితం నా వైపు చాచి, "నువ్వు తడిమి చెప్పు. చూడబాక" అంది. నేను కళ్ళు మూసుకున్నాను. మొదటి లైనులో లేతగా తగిలింది. మూడో లైనుకి వచ్చేసరికి తక్కిన అక్షరాలతో సమానంగా వేలికి గుచ్చుకుంది. "దిగింది అత్తా" అన్నాను. "నిజంగానా? నా కోసరం చెప్పబాక" అంది. "మూడో లైన్లో బుద్ధి ఏడకీ పోలేదు" అన్నాను. ఆమె లేచి, కర్ర పట్టుకుని, పది అడుగులు నడిచి, ఏడాదిగా ఖాళీగా ఉన్న తన కుర్చీలో కూర్చుంది. ఆ వెంటనే నా వంక చూసి, "నీ మిషను మీద అట్టపెట్టె ఏదే?" అంది.

ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్ళు అత్త ఆ గదిని నడిపింది. వేళ్ళ కొసల్లోకి స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. కాగితాలు తడిమే పని చివరిదాకా నాదో, వరసలో ముందున్న పిల్లదో అయింది. అత్త పోయి ఆరేళ్ళు. ఇదంతా చెప్పేసరికి మా ఇంట్లో వంట వేళ దాటిపోయింది. మా అమ్మాయి ఫైలు అడుగు నుంచి చివరి కాగితం తీసి, నేను చెప్పకుండానే తిరగేసి, కళ్ళు మూసుకుంది. వేలు మూడో లైను దగ్గర ఆగింది. "ఇక్కడుందమ్మా" అంది. తాను లేపిన ఆ చిన్న బుడిపెని అత్త వేలు ఒక్కసారైనా తెలుసుకోలేకపోయింది, కానీ దాన్ని తెలుసుకోబోయే వేలు ఇంకా పుట్టకముందే ఆమె దాన్ని గట్టిగా కొట్టి ఉంచింది.